రెండో సంతకం

నాకు ముక్కు మీద కోపం. గొప్పగా చెప్పుకోవడం లేదు, దాచుకోవడమూ లేదు. కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పిన పాతికేళ్ళలో నా క్లాసులో ఫోను మోగించినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ వేరే సబ్జెక్టుకి మారిపోయి ఇప్పుడు సుఖంగా ఉన్నారని విన్నాను. ఈ కోపం వల్ల నాకు పెద్ద నష్టమేమీ జరగలేదనే మొన్నమొన్నటి దాకా అనుకుంటూ వచ్చాను. జరిగిందేమిటో, అందులోంచి ఎలా బయటపడ్డానో చెబుతాను.

ముందు చేపల సంగతి చెప్పాలి. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది. నవ్వకండి, నిజంగానే ఉంటుంది. దాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఒకదాని చుట్టూ ఒకటి గీతలు కనిపిస్తాయి, ఏడాదికొకటి చొప్పున. ఆ గీతలు లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. సముద్రంలో పెద్ద చేపలెన్ని, పిల్ల చేపలెన్ని అన్నది తెలిస్తేనే ఈ ఏడు ఎంత పట్టొచ్చో రేవుల్లో చెప్పగలరు. రాయి ఫొటో ఇస్తే గీతలు లెక్కపెట్టి వయసు చెప్పే ప్రోగ్రాము ఒకటుంది. దాని పేరు వలయం. పధ్నాలుగేళ్ళుగా దాని ఆలనాపాలనా నాది.

వలయం ఓపెన్‌సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏం రాశామో చూడొచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. వచ్చిన మార్పు బాగుందో లేదో చూసి లోపలికి రానిచ్చేవాళ్ళని మెయింటెయినర్లు అంటారు. జీతం లేదు, సన్మానం లేదు. అన్నీ సవ్యంగా నడిచినంత కాలం మేమున్నామని కూడా ఎవరికీ తెలియదు. ఏదైనా చెడితే మాత్రం ప్రపంచంలో ఉన్న చేపల ల్యాబులన్నీ మా గుమ్మం ముందే ఉంటాయి. మా ఆయన దీన్ని నా రెండో ఉద్యోగం అంటాడు. మొదటిదాన్ని ఇంత ముద్దుగా చూసుకోవని కూడా అంటాడు.

మా ఇంట్లో ఒక నియమం ఉంది, ఇల్లంటే వలయం అని అర్థం. లోపలికి ఏ మార్పు రావాలన్నా ఇద్దరు మెయింటెయినర్లు సంతకం పెట్టాలి. అక్షరం దిద్దినా సరే, ఇద్దరు. ఒక్కరి కన్ను మోసపోతుంది కాబట్టి నేనే పట్టుబట్టి పెట్టిన నియమం అది. ఆ రెండో సంతకం పన్నెండేళ్ళుగా కెప్టెన్‌ది. వాతావరణ ఆఫీసులో పని చేస్తాడు. వీడియోలో ఎప్పుడూ టోపీ పెట్టుకుని కనిపిస్తాడని ఆ పేరు వచ్చింది గానీ, ఓడెక్కితే పాపం కడుపులో తిప్పుతుంది.

ఒకరోజు పొద్దున్నే కెప్టెన్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మా అమ్మాయికి కవలలు. ఇద్దరూ ఒకళ్ళు పడుకుంటే ఒకళ్ళు లేస్తున్నారు. ఇప్పుడు మా ఇంట్లోనే ఇద్దరు మెయింటెయినర్లు కావాలండి. నన్ను వదిలెయ్యండి."

సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళు కలిసి పని చేసినవాడు ఇలా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడమా అనిపించింది. "శుభం, వెళ్ళిరండి" అని పెట్టేశాను. కెప్టెన్ పద్ధతైన మనిషి. మెయింటెయినర్ల జాబితాలోంచి తన పేరు తీసేసే మార్పు తానే రాసి, తన సంతకం తానే పెట్టి పంపాడు. చేతిలో ఉన్న కాఫీ చల్లారకముందే నా సంతకమూ పెట్టేశాను. వెళ్ళేవాణ్ణి బతిమాలడం నాకు చేతకాదు.

మూడు రోజుల తర్వాత సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మాలాంటి ఉచిత సైన్సు ప్రోగ్రాములకి చోటిచ్చి, కంప్యూటర్లిచ్చి చూసుకునే సంఘం అది. ఉత్తరం మర్యాదగానే ఉంది. ఈ ఏటి నుంచి ఒక్క మెయింటెయినర్ మీద నడుస్తున్న ప్రాజెక్టులని నమ్మలేమని, రెండో మనిషిని చూసుకోమని, ఈ నెల ఇరవై ఏడు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపల చూసుకోకపోతే వలయానికి తాళం వేస్తామని దాని సారాంశం. తాళం పడితే చూడటానికి ఉంటుంది, ముట్టుకోవడానికి ఉండదు. కంప్యూటర్లు ఏటా మారిపోతూ ఉంటాయి. ముట్టుకోని ప్రోగ్రాము ఏడాది తిరిగేసరికి ఎక్కడా తెరుచుకోదు. చేతిలో ఉన్నవి మూడు వారాలు.

మూడు వారాలు చాలు అనుకున్నాను. పధ్నాలుగేళ్ళలో ఎంతమంది మార్పులు పంపలేదు, ఎంతమంది "మీ ప్రోగ్రాము లేకపోతే మా పని సాగదు" అని రాయలేదు. ఒక్కరు దొరకరా?

మొదట నా పాత విద్యార్థికి రాశాను. ఇప్పుడు ఏదో పెద్ద పరిశోధనాలయంలో ఉన్నాడు. వాడు వినయంగా జవాబిచ్చాడు: "మేడమ్, నేను పంపిన మార్పుకి మీరు రాసిన జవాబు ఇంకా దాచుకున్నాను. 'ఇది చదివాక నాకు పూటంతా తలనొప్పి' అని రాశారు. మళ్ళీ మీకు తలనొప్పి తెప్పించే ధైర్యం లేదు." రెండోసారి ఒక ల్యాబులో పెద్దాయనకి రాశాను. ఆయన "మాన్యువల్ చదవమన్నారు కదా, చదువుతున్నాను, అయ్యాక చెప్తాను" అన్నాడు. చదవమని నేనన్నది ఆరేళ్ళ క్రితం. ఆ తర్వాత రాసినవాళ్ళలో కొందరు జవాబే ఇవ్వలేదు, ఒకావిడ పొరపాటున పంపానేమోనని అడిగింది. రెండు వారాలు ఇలాగే కరిగిపోయాయి, నా గుండెల్లో రాయి పడింది.

మా పై వాటాలో మా వదిన ఉంటుంది. మా ఆయనకి అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైంది. తిట్టేవాళ్ళనీ ఏడ్చేవాళ్ళనీ రాంగ్ నంబరు వాళ్ళనీ ఒకే గొంతుతో "లైన్లో ఉండండి" అని నిలబెట్టిన మనిషి. ఆ ఆదివారం మధ్యాహ్నం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఎదురుగా నేను కంప్యూటరు ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాను.

"ఏమే, ఎవరూ రామన్నారా?" అంది.

"అందరికీ పనులున్నాయట వదినా."

"పనులా, భయమా?"

మా ఆయన పక్కనుంచి గిన్నె అందుకుంటూ "భయమే అక్కా, నాకే ఉంది" అని బయటికి జారుకున్నాడు.

"నువ్వు వాళ్ళకి ఏం రాశావో ఒకటి చదివి వినిపించు, వింటా" అంది వదిన.

మాకొచ్చే ఫిర్యాదులన్నీ జవాబులతో సహా ఎప్పటికీ అక్కడే ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. మూడేళ్ళ క్రితంది ఒకటి కళ్ళ ముందుకొచ్చింది, అదే చదివాను. రాసినావిడ పేరు పెట్టుకోలేదు, 'రాళ్ళావిడ' అని పెట్టుకుంది. ఎక్కడో రేవులో చేప చెవిరాళ్ళు కోసే టెక్నీషియన్. మీ ప్రోగ్రాము మా చేపలకి ఒక ఏడు ఎక్కువ చెబుతోందండి, కాస్త చూస్తారా అని అడిగింది. "మాన్యువల్ పన్నెండో పేజీ చదవండి" అని రాసి నేను ఆ ఫిర్యాదు మూసేశాను. నెల తర్వాత, చదివానండి, అయినా ఎక్కువే వస్తోంది అంది. "పన్నెండో పేజీ ఇంకోసారి చదవండి" అన్నాను, మూసేశాను. మూడోసారి ఇరవై ఫొటోలు జత చేసి పంపింది. ఫొటోలు తెరవనైనా తెరవకుండా రాసిన జవాబుని వదినకి చదివి వినిపిస్తుంటే నా గొంతు నాకే చిన్నదైపోయింది.

"'చేప పుట్టినరోజు జనవరి ఒకటి. కాదంటే మీ చేపతోనే మాట్లాడుకోండి.'"

వదిన చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది.

"చేపతో మాట్లాడుకోమన్నావా?"

"విసుగొచ్చింది వదినా. చేప ఎప్పుడు పుట్టిందో ఎవరికీ తెలీదు కదా, అందుకని లెక్క కోసం అన్నింటికీ ఒకటే పుట్టినరోజు పెట్టుకుంటారు. జనవరి దాటిందంటే చేపకి ఏడాది నిండినట్టే, గీత ఇంకా పడకపోయినా సరే ఒకటి కలిపేస్తాం. మాన్యువల్లో అంతా రాసి ఉంది."

"ఎవరు రాశారు?"

"నేనే."

వదిన ఆ కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "నా సర్టిఫికెట్లో పుట్టినరోజు జూన్ ఒకటి, తెలుసా? మా క్లాసులో నలభై మందికీ జూన్ ఒకటే. ఒక్కొక్కళ్ళనీ అడిగి రాసే ఓపిక హెడ్‌మాస్టరుగారికి లేదు. నేను పుట్టింది ఆగస్టులో. మా ఆఫీసు వాళ్ళు కాగితం చూసి నన్ను రెండు నెలలు ముందే ఇంటికి పంపారు. నాకు ఇంకో రెండు నెలలు చెయ్యాలనుందయ్యా అంటే, కాగితం చదువుకోండి అన్నారు."

రాళ్ళావిడ పంపిన ఫొటోలు మూడేళ్ళ తర్వాత మొదటిసారి తెరిచాను. ప్రతి ఫొటో కిందా చేపని పట్టిన నెల రాసి ఉంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి, అలా జూన్ దాకా. వాళ్ళ సముద్రంలో గీత జూలైలో పడుతుందని కూడా రాసింది. అక్కడ మార్చిలో దొరికిన చేపకి పుట్టినరోజు ఇంకా రానేలేదు. నా ప్రోగ్రాము మాత్రం జనవరి దాటిందని ఏడాది కలిపేసి, మూడేళ్ళ చేపని నాలుగేళ్ళది అంటోంది. పిల్ల చేపల్ని పెద్దవిగా చూపిస్తే, ఇంకా పట్టొచ్చులే అని రేవులో అనుకుంటారు. ఆవిడ మొత్తుకున్నది అందుకు.

వలయం లోపల ఆ లెక్క ఎక్కడుందో వెతికి తీశాను. దాని పక్కన చిన్న గమనిక ఉంది: "ప్రస్తుతానికి అన్ని చేపలకీ జనవరి ఒకటి. తర్వాత చూడాలి." పదకొండేళ్ళ క్రితం రాసింది. రాసింది ఎవరని చూస్తే నా పేరే. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడావిడ ఎక్కడుంది?" అంది వదిన.

ఆ ప్రశ్న నాకు తట్టనేలేదు. వెతికితే రెండు నిమిషాల్లో దొరికింది, దొరికాక మళ్ళీ ఒళ్ళు మండింది. రాళ్ళావిడ వలయాన్ని నకలు తీసుకుని తన దగ్గర వేరే పెట్టుకుంది. పుట్టినరోజు లెక్క దిద్దుకుంది. అంతటితో ఆగలేదు. మూడేళ్ళలో మూడు వందల నలభై మార్పులు చేసింది. నేను ఇక్కడ కొత్తది విడుదల చేసినప్పుడల్లా అందులో మంచిది తీసుకుని తన దాంట్లో కలుపుకుంది. పంతొమ్మిది ల్యాబులు నాది మానేసి ఆవిడది వాడుతున్నాయి. ఆఖరి మార్పు నిన్న సాయంత్రం చేసింది. మా వాళ్ళు దీన్ని ఫోర్కు అంటారు, ఓపెన్‌సోర్సులో ఎవరికైనా ఆ హక్కుంది, తప్పు కాదు.

"వేరు కాపురం పెట్టిందన్నమాట," అంది వదిన. "మంచి పని చేసింది. ఫోన్ చెయ్యి."

"నేనా?"

"నేను చేస్తే చేపల గురించి ఏం మాట్లాడను?"

సోమవారం, మంగళవారం నా అహంకారానికే సరిపోయాయి. బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు, ఆవిడ పేజీలో ఉన్న ల్యాబు నంబరుకి చేశాను. అవతల ఏదో యంత్రం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

"ఒక్క నిమిషం అండి, రంపం ఆపుతా," అంది ఒక గొంతు. చప్పుడు ఆగింది. "చెప్పండి."

నేనెవరో చెప్పాను.

"మూడేళ్ళ కిందట మీరు చెప్పింది కరెక్టండి. నేను ఫొటోలు చూడలేదు, మొన్న చూశాను. తప్పు నాదే," అన్నాను. ఇంత మాట నేను మా ఆయనతో కూడా ఎప్పుడూ అనలేదు.

"చేపతో మాట్లాడమన్నారు కదండీ," అంది ఆవిడ నెమ్మదిగా. "మాట్లాడాను. అది ఒప్పుకోలేదు."

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఆవిడ మాత్రం నవ్వింది. తర్వాత మాటలు సులువయ్యాయి. ప్రోగ్రాము రాయడం ఎక్కడ నేర్చుకున్నారంటే, మా పన్నెండో పేజీతో మొదలుపెట్టి మాన్యువల్ మొత్తం చదివిందట. నాలుగుసార్లు చదివిందట. అందులో తప్పుల జాబితా కూడా ఉందట, పంపమంటారా అని అడిగింది. సంఘం ఉత్తరం సంగతి, శుక్రవారం సంగతి చెప్పాను. రెండో మెయింటెయినర్‌గా వస్తారా అని అడిగాను.

"మీకు కోపమెక్కువ," అంది.

"ఎక్కువే."

"నాకూ ఉందండి, మూడేళ్ళది. పనికి అడ్డం రానివ్వను. వస్తాను, ఏం చెయ్యాలో చెప్పండి."

ఆ సాయంత్రం మా ఆయనకి నేనే కాఫీ పెట్టిచ్చాను. ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

గురువారం పొద్దున్నే కాలేజీకి వెళ్ళేముందు కూర్చుని మెయింటెయినర్ల జాబితాలో రాళ్ళావిడ పేరు చేర్చాను. సంతకం పెట్టాను. తెర మీద ఒక వాక్యం కనిపించింది: ఇంకొక మెయింటెయినర్ సంతకం కావాలి.

ఏ ఇంకొక మెయింటెయినర్?

జాబితాలో మనిషిని చేర్చడం కూడా ఒక మార్పే, నియమాన్ని ఎత్తెయ్యడం కూడా మార్పే. ఏ మార్పుకైనా ఇద్దరు సంతకం పెట్టాలి. ఉన్నది నేనొక్కదాన్నే. రెండో మనిషిని తెచ్చుకోవాలంటే ముందు రెండో మనిషి ఉండాలి. ఇలాంటి ముడి ఈ లోకంలో మావాళ్ళు తప్ప ఎవరూ వేసుకోరు, వేసింది నేనే కాబట్టి ఎవర్నీ తిట్టడానికి కూడా లేదు.

కెప్టెన్‌కి ఫోన్ చేశాను. ఇద్దరు పిల్లలు ఒకేసారి ఏడుస్తున్నారు. "అయ్యో మేడమ్, నేను సంతకం పెట్టాలంటే నా పేరు జాబితాలో ఉండాలి కదా. నన్ను మళ్ళీ చేర్చండి, వెంటనే పెట్టేస్తా," అన్నాడు. చేర్చాలంటే ఇద్దరి సంతకం కావాలని అతనికీ ఆ మాట అంటుండగానే తట్టింది. కాసేపు ఇద్దరం పిల్లల ఏడుపు విన్నాం.

సంఘం కార్యదర్శికి చేశాను. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. "మేం తాళం వెయ్యగలమండి, ప్రాజెక్టు లోపల చెయ్యి పెట్టలేం. మూడేళ్ళ కిందట మేం ఆ అధికారం అడిగితే వద్దని ఏడు పేజీల ఉత్తరం రాసింది మీరే. మీ ఉత్తరం చదివే అందరూ మీ వైపు ఓటేశారు. చాలా బాగా రాశారండి," అన్నాడు.

ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు. పిల్లలు మాత్రం చాలా బుద్ధిగా కూర్చున్నారు, నా మొహం చూసి అయ్యుంటుంది.

శుక్రవారం సెలవు పెట్టాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను, మా ఆయన దుకాణానికి వెళ్ళలేదు. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఈ పూట తాళం తియ్యకపోతే ఎవరూ గుడ్డివాళ్ళైపోరులే అన్నాడు. వదిన పైనుంచి దిగివచ్చింది. జరిగిందంతా చెప్పాను. పధ్నాలుగేళ్ళు పిల్లలా పెంచినదానికి ఇంకో రెండున్నర గంటల్లో తాళం పడుతుంది.

వదిన అంతా విని, ఎక్స్ఛేంజీలో విన్నట్టే నిదానంగా అడిగింది. "ఆవిడ దగ్గరున్న కాపీ కూడా వలయమే కదా?"

"వలయమే. పుట్టినరోజు లెక్క కూడా సరిగ్గా ఉన్న వలయం."

"అక్కడ మనిషిని చేర్చాలంటే ఎన్ని సంతకాలు కావాలి?"

"ఒకటి చాలు. ఆవిడొక్కతే కదా, నా రెండు సంతకాల నియమం అక్కడ తీసేసుకుంది."

"ఊ," అంది వదిన.

అర్థమైంది. అర్థమైనందుకు మండిపోయాను కూడా. ఆవిడ నా ఇంటికి రావడానికి లేదు, నేనే ఆవిడ ఇంటికి వెళ్ళాలి. అక్కడ మెయింటెయినర్లు ఇద్దరైతే సంఘం దాన్నే వలయం అంటుంది, నా పాత ఇంటికి తాళం పడినా ఫర్వాలేదు. కానీ నేను కొత్తదాన్నిగా, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అని అడగాలి. నేను చేపతో మాట్లాడుకోమన్న మనిషిని అడగాలి.

"నాకు చేతకాదు," అన్నాను.

"సరే, మానెయ్," అన్నాడు మా ఆయన. "పన్నెండు దాటాక బయట భోంచేద్దాం."

నేను ఆయన వైపు చూసిన చూపుకి ఇంకొకరైతే ఆ దుకాణానికే పరిగెత్తి ఉండేవారు. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళైంది, ఎక్కడ మీట నొక్కాలో తెలుసు.

కార్యదర్శికి ఫోన్ చేసి అడిగాను. అయిదు నిమిషాలు నియమాలు తిరగేసి, "ఏ కాపీ అసలుది అనుకోవాలో మీరిద్దరూ ఒప్పుకుంటే చాలండి. మాకు ఇద్దరున్న ఇల్లు కావాలి, అంతే," అన్నాడు. రాళ్ళావిడకి చేశాను. రంపం ఆపింది, విన్నది. "మార్పు పంపండి, చూస్తాను," అంది. తక్షణం ఒప్పేసుకుంటుందనుకున్నాను గానీ, 'చూస్తాను' అనడమే న్యాయం. మెయింటెయినర్ అన్నాక చూడాలి.

పదిన్నరకి పంపాను. ఒక్క లైను మార్పు. మెయింటెయినర్ల జాబితాలో నా పేరు.

పదకొండుకి తిరిగొచ్చింది. సంతకం లేదు.

పధ్నాలుగేళ్ళలో నా మార్పుని ఎవరూ తిప్పి పంపలేదు. కెప్టెన్ మొహమాటస్తుడు. ఆవిడ రాసింది చదివాను: "నమస్కారమండి. రెండు చిన్న విషయాలు. ఇక్కడ పేర్లు చేరిన వరుసలో ఉంటాయి, మీ పేరు నా పేరుకి పైన పెట్టారు, కింద పెట్టండి. రెండోది, ఈ మార్పు ఎందుకు అన్న చోట ఏమీ రాయలేదు. అక్కడ అందరూ రాస్తారు. తొందరేమీ లేదు అనను, పన్నెండుకి తాళం పడుతుంది కదా."

పైన పెట్టానా? చూసుకుంటే పైనే పెట్టాను. చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది. మా ఆయన నా భుజం మీదుగా తొంగిచూసి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. పేరు కిందికి దించాను. అది సులువే.

ఎందుకు అన్నదే కష్టమైంది. "నియమం ప్రకారం ఇద్దరు కావాలి కనుక" అని రాశాను. నిజమే గానీ అది ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు కాదు, చెరిపేశాను. "పధ్నాలుగేళ్ళ అనుభవం ఉన్నందున" అని మొదలుపెట్టి, ఆ అనుభవం చేసిన నిర్వాకం గుర్తొచ్చి అదీ చెరిపేశాను. గోడ మీద గడియారం పదకొండుంపావు, పదకొండున్నర. వదిన ఎదురుగా తాపీగా కూర్చుంది. తొందర పెట్టడం తెలియని ఉద్యోగం చేసింది మరి.

చివరికి ఏది నిజమో అదే రాశాను. "ఒక్కదాన్నే చూసుకుని చూసుకుని నా తప్పులు నాకు కనిపించడం మానేశాయి. వచ్చి చెప్పినవాళ్ళని నేనే తరిమేశాను. ఇది బతకాలి. మీరు రానిస్తే మీ పక్కన కూర్చుని పని చేస్తాను." పదకొండూ నలభైకి పంపాను. పంపాక కంప్యూటరు వైపు చూడలేక వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద వీధిలో పాలవాడు ఖాళీ డబ్బాలు ఎక్కించుకుంటున్నాడు. వాడికి ఏ సంతకమూ అక్కర్లేదు.

"ఏమన్నా వచ్చిందా వదినా?"

"రాలేదు. లైన్లోనే ఉందిలే, పెట్టెయ్యలేదు."

పదకొండూ యాభై రెండుకి వదిన పిలిచింది. సంతకం పడింది. నా పేరు జాబితాలో రెండోది. యాభై అయిదుకి కార్యదర్శి నుంచి ఒక్క వాక్యం వచ్చింది, వలయం ఇక మీదట ఈ చిరునామాలో ఉంటుందని, ఇద్దరికీ అభినందనలని. మా ఆయన కుర్చీలోంచి లేచి, ఎవరూ అడగకపోయినా చప్పట్లు కొట్టాడు.

నేను కూర్చున్నాను. అప్పుడు ఇంకో ఉత్తరం వచ్చింది. మనిషి రాసింది కాదు. ఆవిడ ఇంట్లో మొదటిసారి మార్పు పంపిన ప్రతివాళ్ళకీ దానంతట అదే వెళ్ళే ఉత్తరం. నాకూ వచ్చింది, అందరితోపాటే.

"పైకి చదువు, కళ్ళజోడు లేకుండా ఇంత సన్న అక్షరాలు నాకు ఆనవు," అంది వదిన.

"'ఇది మీ మొదటి మార్పు. మా దగ్గరికి వచ్చినందుకు సంతోషం,'" చదివాను. "'తెలియనిది ఎన్నిసార్లయినా అడగండి. తప్పు కనిపిస్తే చెప్పండి, మేం చూస్తాం. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ కసరరు.'"

అక్కడ ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆవిడ ఎందుకు రాసి పెట్టుకుందో, ఎవరి దగ్గర దెబ్బ తిని రాసిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, ఇంట్లోవాళ్ళే కదా.

"అయిపోయిందా?" అంది వదిన.

"లేదు. కింద, ఈ మాటకి పూచీ మెయింటెయినర్లది అని ఉంది. పేర్లు ఉన్నాయి."

"ఎవరెవరివి?"

జాబితాలో ఎవరుంటే వాళ్ళ పేర్లు దానంతట అదే వేసుకుంటుంది. ముందు ఆవిడ పేరు చదివాను. తర్వాత గొంతు సవరించుకుని, దాని కిందున్న నా పేరు చదివి వినిపించాను.